ఆరు కాళ్ళ మొక్కు

రాజపాళయంలో నవంబరు చివరి శుక్రవారం పొద్దున సంతానలక్ష్మి ఇడ్లీ పాత్ర దించి, సాంబారులో ఉప్పు చూసి, ‘ఈ రోజు ఎవరికీ ఏమీ కాకూడదు’ అని రోజూ అనుకున్నట్టే అనుకుంది. ఆ లోపే కూతురు శివరంజని వంటింటి నేల మీద పెద్ద కాగితం ఒకటి పరిచి కూర్చుంది. కాగితం మీద మూడు నెలలు, మూడు మంచు ఊళ్ళు, రంగు పెన్నులతో గీసిన గీతలు.

“అమ్మా, ఇట్ల చూడు. జనవరిలో నార్కండా, నాలుగు దినాలు. ఫిబ్రవరిలో సోలాంగ్. మార్చి మొదట్లో ఔలీ. అంతే, సీజన్ ముగిసినాది.”

“పొద్దున్నే ముగిసినాది అనకు,” అంది తల్లి.

శివరంజనికి ఇరవై ఆరేళ్ళు. ఆసుపత్రులకు కట్టు గుడ్డ నేసే మిల్లులో గుడ్డ నాణ్యం చూసే ఉద్యోగం. పోయిన ఏడాది స్నేహితురాళ్ళతో హిమాచల్ వెళ్ళినప్పుడు కాళ్ళకు రెండు పలకలు కట్టుకుని అరగంట మంచు మీద జారింది. ఆ అరగంట ఆమెను వదల్లేదు. ఏడాదంతా లీవు పెట్టకుండా దాచుకుంది. మొదట నేర్చుకోవడానికి పేరున్న పెద్ద చోట్లు వద్దనుకుంది. అక్కడ వరసలో నిలబడేసరికే పొద్దు గడిచిపోతుందట. నార్కండా లాంటి చిన్న చోట్లలో అయితే ఒకటే వాలు, ఒకటో రెండో పలకల అద్దె కొట్లు. నేర్పే మనిషికి మన పేరు కూడా గుర్తుంటుంది. పడితే పేరు పెట్టి పిలిచి లేపుతాడు.

“మొదటి రెండు ఊర్లల్లో స్కీయింగు. ఔలీలో స్నోబోర్డు నేర్చుకుంటాను,” అంది శివరంజని.

“అది వేరేనా?”

“ఆమా. దాంట్లో రెండు కాళ్ళూ ఒకే పలకకి కట్టేస్తారు.”

“రెండు కాళ్ళూ కట్టేసి కొండ మీద నించి తోసేస్తారా? దినమంతా కట్టు గుడ్డ చూసేదాన్వి, నీకు...” అని మొదలుపెట్టి సంతానలక్ష్మి టక్కున నోరు మూసుకుంది. నోట వచ్చిన కీడు జరిగి తీరుతుందని ఆమె నమ్మకం. అందుకే ఎంత భయపడితే అంత తక్కువ మాట్లాడుతుంది. ఆమె మౌనంగా ఉందంటే ఇంట్లోవాళ్ళు వణకాలి.

“ఇంక ఒకటే పనిమా. ఒంట్లో అంతా సరిగా ఉండాదని డాక్టర్ సర్టిఫికెట్ పంపాల. ఈ దినం ఐదు గంటల లోపల. లేకపోతే నార్కండా సీటు వేరేవాళ్ళకి పోతాది. ఆడ నేర్చుకోకపోతే మిగతా రెండు ఊర్లూ పోయినట్టే. షిఫ్ట్ ముగించి నాలుగు గంటలకి జగదీశన్ డాక్టర్ని చూస్తాను.”

స్నానాల గదిలో ఉన్న తండ్రి కామరాజ్ చెవికి ఇందులో ‘నాలుగు గంటలకి డాక్టర్ని చూస్తాను’ అన్న ముక్క ఒక్కటే చేరింది. ఎందుకని అడిగే లోపు కళ్ళలో సబ్బు పడింది. కడుక్కుని బయటికి వచ్చేసరికి అమ్మాయి స్కూటరు వీధి మలుపు తిరిగింది.

అందరూ వెళ్ళాక సంతానలక్ష్మి మారియమ్మన్ కోవెలకు బయలుదేరింది. ఆ వైపు మారియమ్మన్ కోవెళ్ళలో ఒక ఆచారం ఉంది. ఒంట్లో ఏ భాగానికి జబ్బు చేస్తే ఆ భాగాన్ని రేకు మీద అచ్చు కొట్టిన బొమ్మగా కొని అమ్మవారి ముందు పెడతారు. కంటి నొప్పికి కన్ను, చేతి నొప్పికి చెయ్యి. కోవెల ముందు కాళిముత్తు ఇరవై ఏళ్ళుగా ఈ బొమ్మలే అమ్ముతున్నాడు. ఏ వీధిలో ఎవరికి ఏమైందో అతనికి తెలిసినంత ఊరి డాక్టర్లకు తెలీదు. అయితే జబ్బు రాకముందే కొనడానికి వచ్చిన మనిషిని మాత్రం అతను ఇంతవరకు చూడలేదు.

“కాలు ఇయ్యప్పా.”

“ఎడమదా, కుడిదా అక్కా?”

“రెండూ.”

“అయ్యయ్యో! మోకాలి వరకా, నిండు కాలా?”

సంతానలక్ష్మి ఆలోచించింది. అమ్మవారి దగ్గర పిసినారితనం పనికిరాదు. పైగా ఊళ్ళు మూడు. “నిండు కాలే. మూడు జతలు ఇయ్యి.”

కాళిముత్తు చెయ్యి గాలిలో ఆగిపోయింది. “ఆరు కాళ్ళా! ఎంతమందక్కా? వ్యానా, బస్సా?”

“ఒకే పిల్లప్పా. చేతులు ఒక జత. తల ఒకటి.”

“తల గూడానా!” అని కాళిముత్తు గల్లాపెట్టె మీద ఉన్న అమ్మవారి పటానికి దండం పెట్టుకుని, తల ఒకటి తన వంతుగా ఊరికే ఇచ్చాడు.

సరిగ్గా అప్పుడే కామరాజ్ అక్క ఇందిరాణి దర్శనం ముగించుకుని బయటికి వచ్చింది. మరదలి బుట్టలోకి తొంగి చూసింది. ఒకసారి ఎంచింది. నమ్మకం కలక్క ఇంకోసారి ఎంచింది.

“లచ్చిమీ! ఎవరికి?”

“మన రంజనికి వదినె.”

“ఏమైనాది పిల్లకి?”

“అడగొద్దు వదినె. నా నోట చెప్పలేను.” సంతానలక్ష్మి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

“ఇప్పుడు యాడ ఉండాది?”

“మిల్లుకి పోయినాది.”

ఇందిరాణికి అంతకన్నా అక్కర్లేదు. మిల్లు, కాళ్ళు, కన్నీళ్ళు. మిగతాది ఆమె తనే పూరించుకుంది. సంతానలక్ష్మి కోవెల లోపలికి వెళ్ళింది, ఇందిరాణి ఫోన్ తీసింది. మొదట తమ్ముడికి చేసింది, అతను ఎత్తకపోతే మెసేజ్ పెట్టింది. తర్వాత జగదీశన్ డాక్టర్ క్లినిక్‌లో నర్సు ఆరోక్కియమేరికి చేసి, “రెండు కాళ్ళూ. కట్టు తయారుగా పెట్టు తల్లీ,” అంది. ఆ తర్వాత తళవాయిపురం చుట్టాలకు, వాళ్ళ తర్వాత చోళపురం చుట్టాలకు. చోళపురం చేరేసరికి అమ్మాయి మీద యంత్రమే పడిపోయింది.

సంతానలక్ష్మి మొక్కు తీర్చుకుని, అమ్మాయికి చెవులు మూసే ఉన్ని టోపీలు మూడు వెతికి కొని, మధ్యాహ్నం మూడింటికి ఇంటికి వచ్చింది. పక్కింట్లో ఇచ్చిపోయిన తాళంచెవితో తలుపు ఎవరో తీసేశారు, వాకిట్లో ఇరవై జతల చెప్పులు ఉన్నాయి. లోపల హార్లిక్స్ సీసాలు, బ్రెడ్డు పొట్లాలు, బత్తాయిలు. రోగిని చూడవచ్చేవాళ్ళు తెచ్చే సరుకంతా టీవీ ముందు పేర్చి ఉంది.

“ఏమైనాది? ఎవరికి?”

“నీకు తెలీదా లచ్చిమీ? రంజనికి మిల్లులో రెండు కాళ్ళూ పోయినాయంట!” అంది లోపలున్న చుట్టాల్లో ఒకామె.

సంతానలక్ష్మి చేతిలోని టోపీల సంచి అక్కడే పడేసింది. తను పెట్టిన కాళ్ళ సంగతే ఊరంతా తిరిగి, పెరిగి, తన ఇంటికి వచ్చి కూర్చుందని ఆమెకు తట్టలేదు. ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని ఇరవై ఆరేళ్ళుగా ఎదురుచూస్తున్న కబురు కదా, రాగానే గుర్తుపట్టింది.

“ఎవరు చెప్పినారు?” అని మాత్రం అడగగలిగింది.

“ఇందిరాణి వదినె.”

ఇంక అనుమానం లేదు. ఆ కుటుంబంలో ఏం జరిగినా ముందు ఇందిరాణికే తెలుస్తుంది. కూతురికి ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. లోపలికి వెళ్ళేటప్పుడు ఫోన్లు గేటు దగ్గర ఇచ్చెయ్యాలన్నది ఆ మిల్లు కట్టుబాటు అని ఆమెకు తెలుసు. తెలిసిన సంగతి అవసరానికి ఎవరికి గుర్తొచ్చింది?

ఇంతలో అక్క మెసేజ్ అప్పుడే చూసుకున్న కామరాజ్ పరిగెత్తుకుంటూ వచ్చి గుమ్మంలో కూర్చుండిపోయాడు. “పొద్దున్నే చెప్పినాది పిల్ల, నాలుగు గంటలకి డాక్టర్ని చూస్తానని. నేనే సరిగా వినలేదు.”

“మధ్యాహ్నం విరిగే కాలు పొద్దున్నే ఎట్ల తెలుస్తాది?” అని ఎవరో అడిగారు. మంచి ప్రశ్నే. కానీ అప్పటికే అందరినీ క్లినిక్‌కి తీసుకెళ్ళడానికి రెండు షేర్ ఆటోలు వాకిట్లోకి వచ్చేశాయి.

నాలుగూ పదికి శివరంజని స్కూటరు ఆపి, హెల్మెట్ తీసి, చేతిలో ఫారంతో క్లినిక్ మెట్లెక్కింది. ఎదురుగా అమ్మ, నాన్న, మేనత్త, తళవాయిపురం, చోళపురం. అందరి చేతుల్లోనూ బత్తాయిలు.

“నైనా! ఎవరికి ఏమైనాది?” అంది భయంగా.

సంతానలక్ష్మి మోకాళ్ళ మీద కూర్చుని కూతురి కాళ్ళు పట్టుకుని పైనుంచి కిందికి తడిమింది. “ఉండాయి! రెండూ ఉండాయి!”

“చూసి మోసపోవద్దు. లోపల విరిగి ఉంటాది,” అంది ఇందిరాణి. కట్టు గుడ్డ తడిపి సిద్ధంగా పెట్టుకున్న ఆరోక్కియమేరి కూడా ఆ మాటకే మొగ్గు చూపింది.

డాక్టరు జగదీశన్ అందరినీ బయట ఉండమన్నాడు. అందరూ లోపలికి వచ్చారు. ఆయన ఫారం చదివి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

“అమ్మణ్ణీ, నీ కుటుంబమంతా ఏడుస్తా ఉండాది. కోవెలలో నీ పేరున ఆరు కాళ్ళు పెట్టినారంట. నువ్వేమో ‘ఒంట్లో అంతా సరిగా ఉండాది’ అని రాసియ్యమంటావు. ఈ ఫారం కింద నేను ఎట్ల కైయెళుత్తు పెట్టేది? రేపు ఎక్స్‌రే తీసి చూస్తాము.”

“రేపయితే సీటు పోతాది సార్! ఐదు గంటలే గడువు.” అంది శివరంజని. “ఏడాదంతా దీనికే లీవు దాచిపెట్టినాను.”

గోడ గడియారంలో నాలుగున్నర. డాక్టరు సంతానలక్ష్మి వైపు తిరిగాడు. “మీరు చెప్పండమ్మా. కాళ్ళు ఏమిట్కి పెట్టినారు?”

సంతానలక్ష్మికి అప్పుడు మొత్తం అర్థమైంది. ఇంకొకటి కూడా అర్థమైంది. తను ఇప్పుడు నోరు విప్పకపోతే చాలు. అరగంట మౌనంగా ఉంటే నార్కండా పోతుంది, దాని వెనకే సోలాంగ్, ఔలీ. కాళ్ళకు పలకలు ఉండవు, కొండలు ఉండవు, ఈ చలికాలమంతా పిల్ల కళ్ళ ముందే ఉంటుంది. మౌనంగా ఉండటం ఆమెకు చేతకాని పని కాదు. అమ్మవారే ఈ దారి చూపించిందేమో అని కూడా ఒక్క క్షణం అనిపించింది.

కూతురి వైపు చూసింది. శివరంజని గొడవ పడటం లేదు, ఏడవటం లేదు. ఫారాన్ని నెమ్మదిగా నాలుగు మడతలు పెడుతోంది. ఆ మడతలు తల్లి చూడలేకపోయింది.

“మడచవద్దు,” అంది గట్టిగా. “సార్, దాని కాళ్ళకి ఏమీ లేదు. ఏమన్నా అయితే... జారి పడి విరిగితే అని... నేనే ముందుగా పెట్టేస్తిని.”

చెప్పేసింది. జన్మలో మొదటిసారి కీడును నోటితో అంది. అని, పైకప్పు వైపు చూసింది. పైకప్పు అలాగే ఉంది.

“ముందుగానా?” అన్నాడు డాక్టరు.

“కరెంటు పోకముందే మెళుగువత్తి కొని పెట్టుకుంటాము గదా సార్. అట్ల.”

“మరి ఆరు కాళ్ళు ఏమిట్కి?” అని ఇందిరాణి నిలదీసింది.

“మూడు ఊర్లు గదా వదినె!”

ఇందిరాణి చేతిలోని బత్తాయిలను బుట్టలోకి వెనక్కి వేసుకుంది. డాక్టరు నవ్వు ఆపుకుంటూ గడియారం చూశాడు. నాడి, రక్తపోటు, గుండె చూశాడు. మోకాళ్ళు వంచి, తిప్పి, సుత్తితో తట్టి చూశాడు. “అంతా బాగానే ఉండాది. అయినా ఇంతమంది అనుమానం పడినాక నేనొక్కడే చూస్తే చాలదు. పిళ్ళయార్ పటం ముందర నిలబడి నలభై తోప్పుకరణం వెయ్యి.”

చెవులు పట్టుకుని వినాయకుడి ముందు తీసే గుంజీళ్ళకు అక్కడ అదే పేరు. శివరంజని చెవులు పట్టుకుంది. కుటుంబమంతా ఎంచడం మొదలుపెట్టింది. పన్నెండు దగ్గర తళవాయిపురానికీ చోళపురానికీ లెక్క తేడా వచ్చి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. సంతానలక్ష్మి అందరికన్నా గట్టిగా ఎంచింది. ఈ ఆరు నెలలుగా పొద్దున్నే మిద్దె మీద ధబధబ చప్పుడు వింటూ, పిల్ల బొద్దింకల్ని తరుముతోందనుకుంది. అది మంచు కోసం చేస్తున్న సాధన అని ఇప్పుడు తెలిసింది. నలభై అయ్యాక కూడా శివరంజనికి ఆయాసం లేదు. ఆ కాళ్ళు అంత గట్టివని తల్లికి తెలీదు. అవి నడక నేర్చిన రోజున చూసి, పడతాయేమోనని కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత సరిగ్గా చూసింది ఇవాళే.

డాక్టరు సంతకం పెట్టేసరికి నాలుగూ యాభై రెండు. శివరంజని అక్కడే ఫోన్లో ఫొటో తీసి పంపింది. నాలుగూ యాభై ఎనిమిదికి జవాబు వచ్చింది. సీటు ఖాయం. ఆరోక్కియమేరి చప్పట్లు కొట్టింది. ఇందిరాణి బయటికి వచ్చి ఫోన్ తీసి, “రెండు కాళ్ళూ అతికిపోయినాయి, అంతా అమ్మ దయ,” అని మళ్ళీ వరసగా అందరికీ చెప్పింది.

పది రోజుల తర్వాత నార్కండా నుంచి ఇంకో కబురు వచ్చింది. అక్కడ ఇంకా మంచు పడలేదు, పడకపోతే క్యాంపు తేదీలు మారొచ్చు అని. రాజపాళయంలో వాన కుండపోతగా కురుస్తోంది. సంతానలక్ష్మి కిటికీ దగ్గర నిలబడి ఆ వానను తిడుతోంది.

“ఈడ ఊరికే పోసేదానికి బదులు ఆడ రెండు చుక్కలు పోస్తే ఏమి? ఏమండీ, ఫోన్లో చూడండి. పడినాదా?”

కామరాజ్ పేపరు దించాడు. “ఏమే, మంచు పడకపోతే పిల్ల పోదు. నువ్వు గదా సంతోషపడాల?”

“బాగా చెప్పినారు! పడకుండా పోతే దాని మనసు విరిగిపోదా? కాలయితే కట్టు కట్టేయొచ్చు.”

నార్కండాలో మంచు పడేదాకా ఆ ఇంట్లో ఎవరికీ వేళకు కాఫీ అందలేదు.