సుద్దతో రాసిన పేరు

ఇందుమూలముగా క్రీడాభిమానులకు తెలియజేయడమేమనగా, మా మైదానం స్కోరుబోర్డుమీద పేర్లు రెండు రకాలుగా రాయబడును. ఇక్కడ పుట్టిన ఆటగాళ్లకు రేకుమీద తెల్ల పెయింటు. కాగితాలతో మనవాళ్లయినవారికి నల్ల పలకమీద సుద్ద. రాసేది నేనే. ఏడో తరగతి గట్టెక్కలేదు గానీ, నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని క్రికెట్ సంఘం కార్యదర్శిగారు నన్ను నిచ్చెనెక్కించారు.

మొదట సుద్దకెక్కినవాడు మా ఫాస్ట్ బౌలరు. పుట్టిన దేశంలో పన్నెండో ఆటగాడిగా నీళ్లు మోసి మోసి, భార్యతో ఇక్కడికొచ్చి, టైర్ల కొట్లో పంక్చర్లు వేస్తూ రూలు ప్రకారం నాలుగేళ్లు కాపురముండి, ప్రమాణం చేసి మనవాడయ్యాడు. జాతీయగీతం మూడు చరణాలూ కంఠతా పట్టాడు. దాంతో కాస్త ఇబ్బందొచ్చింది. మొదటి చరణం దాటాక కెప్టెనుగారితో సహా తక్కిన పదిమందీ పెదాలు మాత్రమే కదుపుతారు. ఇతని గొంతొక్కటే వినిపించేది. "అతి చేస్తున్నాడు" అన్నారు పెద్దలు. న్యాయమే కదా.

మొదటి ఆటలోనే అయిదు వికెట్లు తీశాడు. కార్యదర్శిగారు అతన్ని కావలించుకుని మైకులో, "ఇతడు ఈ నేలతల్లి కన్నబిడ్డ!" అని కళ్లు తుడుచుకున్నారు. నేను పెయింటు డబ్బా మూత తీశాను.

"వేసెయ్యమంటారా అండీ?"

"తొందరేమొచ్చిందయ్యా? చూద్దాం. పెయింటంటే నమ్మకం. ఒకసారి వేస్తే మళ్లీ గీక్కోవాలి."

గొప్ప మాట. కెప్టెనుగారు వరసగా నాలుగాటల్లో సున్నా చుట్టారు. ఆయన పేరు తళతళ తగ్గలేదు.

ఇలా మూడేళ్లు గడిచాయి. ఒకసారి ఆట మధ్యలో జల్లు పడింది. బౌలరు అప్పుడు బ్యాటు పట్టుకున్నాడు. పలకమీద పేరు కారిపోయి, పక్కన తగిలించిన రేకు అంకెల్లో ఇరవైమూడు పరుగులు మాత్రం మిగిలాయి.

"ఎవడ్రా ఆడేది?"

"ఎవడైతే నీకేం, కొడుతున్నాడుగా!"

అన్నది మీలోనే ఎవరో. గొంతు గుర్తుంది.

మర్నాడు సాయంత్రం అతను నిచ్చెన కిందకొచ్చి నిలబడ్డాడు. "అన్నా, మీ నాన్న పేరు చెరిపేశారేంటని మా పాపని బళ్లో ఏడిపిస్తున్నారంట. ఎల్లుండి మా పాత దేశంతోనే ఫైనలు. గెలిపిస్తే పెయింటు వేయిస్తామన్నారు. వేస్తారంటావా?"

"వాళ్లు మాటంటే మాటేనయ్యా" అన్నాను. నాలుకకు నరం లేదు కదా.

ఫైనల్లో ఏడు వికెట్లు తీశాడు. చివరి బంతికి వాళ్లకు రెండు పరుగులు కావాలి, మనకు ఒక్క వికెట్టు. అతను వేసిన బంతి బ్యాటు అంచుకు తగిలి నేరుగా కెప్టెనుగారి చేతుల్లోకి వెళ్లింది. ఆయన దాన్ని ఎంతో మర్యాదగా గడ్డిమీద దించారు. వాళ్లు రెండు పరుగులూ తీశారు.

కార్యదర్శిగారు మైకందుకున్నారు. "ఎంతైనా పుట్టినగడ్డ మమకారం! పట్టుకోవడానికి వీల్లేని క్యాచ్ ఇప్పించి మన కెప్టెనును నలుగురిలో నవ్వులపాలు చేశాడు!" మైదానమంతా చప్పట్లు. నేను తడిగుడ్డ తీసుకుని నిచ్చెనెక్కాను. అతను టైర్ల కొట్టుకు వెళ్లిపోయాడు.

పన్నెండేళ్లయింది. కార్యదర్శిగారు అదే కుర్చీలో ఉన్నారు. కెప్టెనుగారు ఆటగాళ్లను ఎంపిక చేస్తున్నారు. నిన్న మహిళల జట్టులో కొత్త ఫాస్ట్ బౌలరు దిగింది. ఎవరనుకున్నారు, ఆ పాపే. మైదానం వెనక వీధి ఆసుపత్రిలో పుట్టిన పిల్ల. ఈసారి అడిగే పనేముందని నేను రేకు తుడిచి, కుంచె ముంచాను.

"ఆ డబ్బా ఏంటయ్యా?" కింద నుంచి కార్యదర్శిగారు.

"ఇక్కడే పుట్టిందండీ."

"పుట్టలేదన్నానా? వాళ్ల నాన్న పుట్టలేదుగా. ముందు సుద్దతో కానివ్వు, చూద్దాం."

కంచె అవతల, గ్రీజు చేతులతో ఆ నాన్న నిలబడి ఉన్నాడు. కూతురు పరుగెత్తుకొచ్చి బంతి వేస్తుంటే అటు చూడడే. బోర్డుకేసే చూస్తున్నాడు.

గుండ్రంగా రాశాను. దిగి చేతులు దులుపుకున్నాను. సుద్దతో అదే సుఖం. ఒక్క దులుపుకు పోతుంది, చేసినవాడెవడో తెలియదు.