ఊరి పేరు కొట్టేసిన వ్యాసం

‘పురావిమర్శ’ త్రైమాసికంలో ఏ వ్యాసం అచ్చయినా, ‘వీళ్లు ఏనాడూ లేరు’ అని అందులో తేలినవాళ్లు వచ్చే అమావాస్యలోగా గతాన్ని ఖాళీ చేసి వెళ్లాలి. ఇది పాత నియమమే. చనిపోయినవాళ్లను ముందు పంపుతారు, వాళ్ల నుంచి అభ్యంతరాలు తక్కువని. వాళ్లను గుర్తుపెట్టుకున్నవాళ్లు ఆ రోజు ఇంట్లో ఉండి తలుపు తీస్తే చాలు.

ఆదోనిలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన చంద్రాయుడికి ఈ నియమంతో ఏనాడూ ఇబ్బంది రాలేదు. ఆయన ఆ పత్రిక సలహామండలి సభ్యుడు. అచ్చుకు ముందు వ్యాసాలు ఆయన దగ్గరికి వచ్చేవి. పక్షపాతం ఉండకూడదని, రాసినవాళ్ల పేరుతోబాటు ఊరి పేరు, వీధి పేరు కూడా నల్లసిరాతో కొట్టేసి పంపేవారు. ఆయన ఎర్రపెన్నుతో ఆధారాలు సరిచూసేవాడు. ఆధారాలన్నీ అదే పత్రిక పాత సంచికల్లోవి కాబట్టి ఎప్పుడూ సరిపోయేవి. ఉగాది ముందు వచ్చిన వ్యాసం కింద ‘ఒక్క తప్పు లేదు, అచ్చుకు అర్హం’ అని రాసి సంతకం పెట్టాడు.

సంచిక చేతికొచ్చాక గానీ తెలియలేదు, అది దూదేకుల వీధి గురించని. ఆ వీధి ఏనాడూ లేదని, అక్కడెవరూ పుట్టలేదని వ్యాసం తేల్చింది. చంద్రాయుడి భార్య మస్తానమ్మ ఆ వీధి పిల్ల. ఆమె పోయి రెండేళ్లయింది.

ఆయన సంచిక మూసి, మనసులోనే ఆ వీధి ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాడు. పొద్దున్నే ఒక ఇంట్లో దూది ఏకే విల్లు మోగితే పక్కింటి విల్లు అందుకునేది. గాలిలో నూగు తేలుతుంటే ఎండ మెత్తగా కనిపించేది. పీర్ల పండక్కి అక్కడ గుండం తవ్వేటప్పుడు మొదటి పార ఆయన నాయనే వేసేవాడు. బొంత కుట్టించుకోవడానికి వెళ్లినప్పుడు మస్తానమ్మను చూశాడు. జడలో దూది ఉంది. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తూ మళ్లీ మళ్లీ వెళ్లాడు. మూడు బొంతలయ్యాయి. పెళ్లికి మామ తన చేత్తో ఏకిన దూదితో దిండు కుట్టించి ఇచ్చాడు. నేటికీ చంద్రాయుడు దాని మీదే పడుకుంటున్నాడు.

సంచిక లోపలి అట్ట మీద ‘శుద్ధభూమి సేవాసంఘం సౌజన్యంతో’ అని ఉంది. ఎప్పుడూ ఉండేదే. పోయినేడు కర్రలతో వచ్చి ఆ వీధిలో కొట్లు పగలగొట్టినవాళ్ల వ్యాను మీదా అదే పేరు. ఒకే పేరుతో రెండు సంఘాలు ఉంటాయేమోలే అని అప్పుడు సరిపెట్టుకున్నాడు.

సంపాదకుడు రంగస్వామి ఆయన శిష్యుడే. చంద్రాయుడు పత్రికాఫీసుకు వెళ్లగానే లేచి నిలబడి కుర్చీ వేశాడు.

“సంతకం వెనక్కి తీసుకుంటానప్పా,” అన్నాడు చంద్రాయుడు.

“ఏంది సార్, మీరు గూడా! కర్రలది ఆ సంఘంలో వేరే విభాగం. మనది పరిశోధన విభాగం. దుడ్డు ఒక్కసోటి నుంచే వస్తాది గానీ, కవర్లు వేరే.”

“నా భార్య ఆ వీధి మనిషి. నీకు తెలుసు గదా? ఆమె చేతి కూడు తిన్నావు.”

“తింటి సార్. కాదనను. అది యాడన్నా అచ్చయిందా?”

చంద్రాయుడు చేతిలోని సంచిక బల్ల మీద పెట్టాడు.

“తప్పు జరిగిందని మీరు రాసిస్తే ఆపుతా. కానీ ఇన్నేండ్లుగా మీరు పాస్ చేసినవన్నీ తిరగదోడాల. పోయినోళ్లంతా వెనక్కొస్తారు. అంతమందిని యాడ పెట్టాల? అట్ట మీద మీ పేరు గూడా ఉండదు సార్.”

చంద్రాయుడు అట్ట వైపు చూశాడు. పేరు రెండో వరసలో, చక్కటి అక్షరాలతో ఉంది. ఆలోచించి చెప్తానన్నాడు. ఆలోచిస్తుండగానే అమావాస్య వచ్చింది.

మట్టిరంగు కండువాలు వేసుకున్న ఇద్దరు సంఘం వ్యానులో వచ్చారు. చెప్పులు బయటే విడిచారు. గోడ మీది ఫొటో దించారు. బొంతల్లోని దూది, దిండులోని దూది గోనెసంచిలోకి దులిపి, గలీబులు మడతపెట్టి ఆయన చేతికిచ్చారు.

“బట్ట మీదే పెద్దాయనా. మాది కానిది మాకొద్దు,” అన్నాడు వాళ్లలో ఒకడు.

లోపలి గదిలోంచి మస్తానమ్మ రేకుపెట్టె పట్టుకుని వచ్చింది. పెళ్లినాటి వయసులో ఉంది.

“నువ్వే సంతకం పెట్టినావంట గదయ్యా?”

“ఊరి పేరు కొట్టేసినారు, మస్తానా.”

“వీధి వాసన గూడా కొట్టేసినారా?”

“ఆధారాలు సరిపోయినాయి.”

ఆమె నవ్వింది. “చేతిరాత బాగుంటే సాలు, పిల్లోళ్లకు పదికి పది ఏస్తావుంటివి. ఇంగా అట్లనే ఉండావు.”

ఆమె జడలో దూది ఉంది. చెప్పాలా వద్దా అని ఆయన ఆలోచిస్తుండగా ఆమెను ఎక్కించుకుని వ్యాను కదిలింది.

తెల్లారి చంద్రాయుడికి మెడ పట్టేసింది. ఖాళీ గలీబు మీద ఎందుకు పడుకున్నాడో అర్థం కాలేదు. ఒంటరి మనిషి ఇంట్లో ఇన్ని గలీబులు ఎందుకో కూడా తెలియలేదు. డాక్టరు మెడ అటూ ఇటూ తిప్పి చూశాడు.

“పెండ్లి జేసుకోల్యా గదా సార్ మీరు. దిండు పెట్టుకోమని సెప్పేటోళ్లు ల్యాకుంటే ఇట్లే ఉంటాది.”

“నిజమేలే,” అన్నాడు చంద్రాయుడు.

ఇంటికొచ్చేసరికి కొత్త వ్యాసం వచ్చి ఉంది. ఊరి పేరు నల్లసిరాతో కొట్టేసి ఉంది. ఎర్రపెన్ను తీసుకుని కూర్చున్నాడు. తల ఎత్తినప్పుడల్లా మెడ కలుక్కుమనేది. వంచుకుని కూర్చుంటే ఏ నొప్పీ తెలియలేదు. చీకటి పడకముందే వ్యాసం పూర్తిచేశాడు.