ఒక్కో వేలికి ఒక్కో అధ్యాయం

ఆ సోమవారం ఉదయం టైమ్‌కీపరు గడ్డం గీసుకుంటూనే లెక్క తేల్చేశాడు. ఆరువందల పన్నెండు పేజీలు, పద్నాలుగు రోజులు. రోజుకి నలభై నాలుగు పేజీలు చదివితే పని అయిపోతుంది. బస్సు డిపోలో పదహారేళ్ళుగా ఏ బస్సు ఎన్నింటికి కదలాలో చూసే మనిషికి ఇదొక లెక్కా?

అత్తగారికి కంటి ఆపరేషన్ అయింది. రెండు వారాలు పుస్తకం పట్టుకోవద్దన్నాడు డాక్టరు. ఆవిడ తిండి లేకుండానైనా ఉంటుంది గాని నవల లేకుండా ఉండలేదు.

"ఏవండీ, మీరే చదివి వినిపించండి," అంది భార్య. "పెళ్ళయి ఆరేళ్ళయింది. మీరిద్దరూ 'బాగున్నారా', 'బాగున్నాను' తప్ప ఇంకో మాట మాట్లాడుకోగా నేను చూడలేదు."

పెళ్ళికి ముందు అత్తగారు తన గురించి "మనిషి మంచివాడే, కాస్త తొందరెక్కువ" అన్నదని అతనికి తెలుసు. ఆ మాట ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఈ రెండు వారాల్లో దాన్ని చెరిపేసి, ఆవిడ నోటితోనే మంచి అల్లుడనిపించుకోవాలని గట్టిగా అనుకున్నాడు.

నవలలో ఏడాది పొడుగునా మంచు కురిసే రాజ్యం. అక్కడి కోట కావలివాడికి ఒక శాపం: అతని చెయ్యి తగిలిందల్లా గడ్డకట్టిపోతుంది. అందుకని చేతి తొడుగు తియ్యడు. కోటలో దీపాలు వెలిగించే అమ్మాయంటే అతనికి ప్రాణం. ఆ సంగతి అతను చెప్పడు, ఆమె అడగదు. అరవై పేజీలకి ఇద్దరూ మెట్ల మీద ఎదురుపడి, ఒకరికొకరు దారి ఇచ్చుకుని వెళ్ళిపోయారు. అత్తగారు హాయిగా నిట్టూర్చింది. టైమ్‌కీపరుకి ఒళ్ళు మండింది.

బుధవారం నాటికి ఓపిక చచ్చి, ఆలస్యమైన బస్సు స్టాపులు ఎగ్గొట్టినట్టు, రెండువందల యాభై పేజీలు ఒక్కసారిగా తిప్పేశాడు. అక్కడ కావలివాడు వట్టి చేత్తో ఆమె నుదురు నిమురుతున్నాడు.

"తొడుగు ఎప్పుడు తీశాడు బాబూ?" నల్లకళ్ళద్దాల వెనక నుంచి అడిగింది అత్తగారు.

అతను పేజీ అటూ ఇటూ తిప్పాడు. "చెమట పట్టి తీసేశాడత్తయ్యా."

"ఊఁ, చదవండి," అందావిడ.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది అతకలేదు. మర్నాడు అత్తగారి స్నేహితురాలు, రిటైరైన లెక్కల టీచరు, ఫోన్ చేసింది. ఆవిడ ఆ నవల రెండుసార్లు చదివిన మనిషి. కథ ఎక్కడిదాకా వచ్చిందని అడిగి, సమాధానం విని గొంతు పెంచింది.

"చెమటా? ఆ మంచులోనా? తొడుగు ఊడడానికి అయిదు అధ్యాయాలు పట్టిందమ్మా. ఒక్కో వేలికి ఒక్కో అధ్యాయం." ఆ మాటలు ఫోన్లోంచి గదంతా వినిపించాయి.

టైమ్‌కీపరు నాలుక కరుచుకున్నాడు. అయినా నిండా మునిగినవాడికి చలేమిటని ఇంకో అడుగు వేశాడు. "ఆవిడది పాత ముద్రణ అయ్యుంటుందత్తయ్యా. ఇందులో మార్చారు."

"విన్నావుగా, నీది పాత ముద్రణట," అంది అత్తగారు. "మా అల్లుడు అబద్ధం చెప్పే మనిషి కాదు."

"అయితే నేను చెబుతున్నానన్నమాట. ముప్ఫై ఏళ్ళ స్నేహానికి మంచి మాటే అన్నావు." టీచరు ఫోన్ పెట్టేసింది.

రోజూ పొద్దున్నే నడకకి పిలిచే టీచరు శుక్రవారం రాలేదు. అత్తగారు చెప్పులేసుకుని గుమ్మంలో కాసేపు నిలబడి, మళ్ళీ విప్పేసి లోపలికి వచ్చింది. అది చూశాక అతనికి అన్నం సహించలేదు. "అమ్మకేమైందండీ?" అని భార్య అడిగితే "ఏమో" అన్నాడు. అది మూడో అబద్ధం.

శనివారం పుస్తకాన్ని డిపోకి పట్టుకెళ్ళాడు. వదిలేసిన పేజీల్లో ఏముందో తెలిస్తే ఏదో ఒకటి సర్దిచెప్పవచ్చని ఆశ. అయిదు నిమిషాలు చూద్దామని తెరిచాడు. బొటనవేలి అధ్యాయంలో ఆ అమ్మాయి తన దీపం వేడి అతని చేతికి తగిలేలా పట్టుకుని ఊరికే నిలబడుతుంది, రోజూ, మాటా పలుకూ లేకుండా. ఆ వేడికి మొదటి వేలి శాపం కరుగుతుంది. చూపుడువేలి దగ్గర కావలివాడు తన చిన్నతనం చెప్పుకుంటాడు. మధ్యవేలి దగ్గర ఇద్దరికీ తగవు. ఉంగరపు వేలి దగ్గరికి వచ్చేసరికి టైమ్‌కీపరు గడియారం సంగతే మరిచిపోయాడు. ఇంత లావు పుస్తకాలు జనం ఎందుకు చదువుతారో అతనికి మొదటిసారి తెలిసింది. ఆ అమ్మాయి తొడుగు లాగెయ్యలేదు. ఒక్కో వేలూ కావలివాడంతట అతను విడిపించుకునేదాకా ఆగింది. టైమ్‌కీపరు కళ్ళు తుడుచుకుని పేజీ తిప్పాడు.

కిటికీ దగ్గర మధ్యాహ్నం మూడింటి బస్సు డ్రైవరు నిలబడి ఉన్నాడు. "సార్, సంతకం పెడితే కదుల్తాం. పదకొండు నిమిషాలు లేటయింది."

"ఆగవయ్యా. ఇంకా చిటికెనవేలుంది."

సాయంత్రం ఇంటికి వస్తూనే అత్తగారి ఎదురుగా కూర్చున్నాడు. సర్దిచెప్పడానికి దారిలో అల్లుకున్న మాట ఒక్కటీ నోటికి రాలేదు. "అత్తయ్యా, చెమటా లేదు, పాత ముద్రణా లేదు. రెండువందల యాభై పేజీలు నేనే ఎగ్గొట్టాను. నా మూలాన మీ స్నేహం చెడింది."

"తెలుసు బాబూ. మంచు రాజ్యంలో చెమటేమిటి?"

"మరి ఆవిడతో అలా ఎందుకన్నారు?"

"దాని ముందు మిమ్మల్ని తక్కువ చెయ్యలేకపోయాను. మీరే చెబుతారని ఆగాను. ఆరేళ్ళు ఆగినదాన్ని, ఇంకో మూడు రోజులు ఆగలేనా?"

అతను తలెత్తలేకపోయాడు. ఇన్నేళ్ళలో ఈవిడ దగ్గర కూర్చున్న ప్రతిసారీ తను గడియారం చూసుకున్నాడే గాని, ఈవిడ ముఖం ఒక్కసారైనా నిదానంగా చూడలేదు. సిగ్గేసింది. అప్పటికప్పుడు టీచరుకి తనే ఫోన్ చేసి, జరిగిందంతా చెప్పి, క్షమించమన్నాడు. అవతల టీచరు పుస్తకం పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

"ఎన్నో పేజీ నుంచి ఎగ్గొట్టారు?"

"అరవై ఒకటి నుంచండీ."

"రేపు పొద్దున్న అక్కడి నుంచి మొదలుపెట్టండి. నేనూ వస్తాను."

ఆదివారం ఉదయం అతను అరవై ఒకటో పేజీ తెరిచి మెల్లగా చదవడం మొదలుపెట్టాడు. "మా అల్లుడు చదివితే కళ్ళకి కట్టినట్టుంటుంది," అని అత్తగారు కుర్చీలో వెనక్కి వాలింది. పక్కనే లెక్కల టీచరు తన పుస్తకం తెరిచి, అతను చదివే ప్రతి మాట కిందా వేలు పెట్టి సరిచూసుకుంటూ కూర్చుంది.