ఈ కాలు కాదు

ఆ రోజు చేయవలసిన పనులు మూడే మూడు. ఎనిమిదింటికి ఆసుపత్రివాళ్ళిచ్చిన ఎర్రమందు కలిపిన నీళ్ళతో స్నానం, తొమ్మిదింటికి మెట్లు దిగడం, పదింటికి ఆసుపత్రిలో చేరడం. మర్నాడు పొద్దున కుడి మోకాలి కీలు మార్చే ఆపరేషన్. ఇంతలో పొరపాటు జరగడానికి ఏముందిలే అనుకుంది పెయింటరు భార్య. నలభై ఏళ్ళు కాపురం చేశాక కూడా ఆమెకు అంత ఆశ మిగిలి ఉండటం వింతే.

పెయింటరంటే గోడలకు రంగులు వేసే మనిషి కాదు, దుకాణాలకు బోర్డులు రాసే మనిషి. రేకును నేలమీద పరిచి, దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నలభై ఏళ్ళపాటు అక్షరాలు దిద్దాడు. మోకాళ్ళు మాత్రం ఎంతకాలమని ఊరుకుంటాయి? కుడిదాంట్లో గుజ్జు పూర్తిగా అరిగిపోయి ఎముకా ఎముకా ఒరుసుకుంటున్నాయని డాక్టరు ఎక్స్‌రేలో చూపించాడు. ఎడమది కూడా అదే దారిలో ఉందన్నాడు కానీ, పెయింటరు ఆ మాట చెవిన వేసుకోలేదు. ఎడమకాలు తనకు నమ్మినబంటు అని ఆయన ధీమా. ఆయనకు జీవితంలో ధీమా ఉన్న విషయం అదొక్కటే.

చేయని వైద్యం లేదు. నూనెలు మర్దించుకున్నాడు, మోకాలికి పట్టీ తొడిగాడు. నొప్పి మాత్రలు వేసుకుంటే నొప్పి తగ్గి కడుపులో మంట మొదలైంది. మోకాల్లోకి వేసిన ఇంజక్షను నాలుగు నెలలు పనిచేసి చేతులెత్తేసింది. వ్యాయామాలు చెబితే మూడు రోజులు చేసి, లాభం లేదని తేల్చేశాడు. బావమరిది తెచ్చిన అయస్కాంతాల బెల్టు వల్ల జరిగిందల్లా చేతి గడియారం ఆగిపోవడం. చివరికి ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు. ఆ తేదీ కోసం ఐదు నెలలు ఎదురుచూశాడు.

ఆయన ఉండేది రెండో అంతస్తులో. లిఫ్టు లేదు. నాలుగు నెలలుగా కిటికీ పక్కన కుర్చీయే ఆయనకు లోకం. ఒకప్పుడు బజారు వీధిలో ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలాడిన బోర్డులన్నీ ఆయన రాసినవే. ఫ్లెక్సీలు వచ్చి ఒక్కొక్కదాన్నే మింగేశాయి, ఇప్పుడు ఆరు మిగిలాయి. అవి కూడా పోకముందు ఒక్కసారి ఆ వీధిలో ఆ చివరిదాకా నడవాలి, అక్కడున్న వాచీల దుకాణం బోర్డు చూడాలి. అది ఆయన రాసిన మొట్టమొదటి బోర్డు. అంతకుమించి ఆయనకు వేరే కోరిక లేదు.

"బండిలో తీసుకెళ్ళి చూపిస్తానండీ" అని భార్య చాలాసార్లు అంది.

"పోయినవాణ్ణి బండిలో తిప్పుతారు. నాకింకా టైముంది" అనేవాడు.

ఇక్కడ బావమరిది గురించి ఒక మాట చెప్పుకోవాలి. పెయింటరు భార్యకు తమ్ముడు, మంచివాడు, సాయం చేయడానికి పిలవకుండానే వస్తాడు. పనిచేసేది ఫ్లెక్సీలు అచ్చువేసే దుకాణంలో. ఏ బోర్డు ఎప్పుడు దిగిందో పెయింటరుకు చెప్పేది అతనే, ఎందుకంటే దించేది కూడా అతనే.

ఆ పొద్దున సంచి సర్దుతూ బావమరిది గొంతు తగ్గించాడు. "బావా, ఒక మాట చెప్తాను, కంగారు పడకు."

ఇలా మొదలైన మాట ఏదీ ఇంతవరకు ఎవరి కంగారునూ తగ్గించలేదు.

"ఎక్కడో ఒకాయనకి కుడికాలు బదులు ఎడమకాలు కోసేశారంట."

"ఎక్కడ?"

"అది తెలీదు. నాకు చెప్పినాయన చూళ్ళేదు. ఆయనకి చెప్పినాయన చూశాడంట."

పెయింటరుకు అంతే చాలింది. ఆయన తీరే అంత. మంచి వార్తకు సాక్ష్యం అడుగుతాడు, చెడ్డ వార్తను విన్నవెంటనే నమ్ముతాడు. స్నానం ముగించుకుని, గది తలుపు వేసుకుని, మంచం కింద నుంచి కుంచెల పెట్టె లాగాడు. స్నానం తర్వాత ఒంటికి నూనె, పౌడరు, క్రీము ఏవీ పూయకూడదని ఆసుపత్రివాళ్ళ కాగితంలో ఉంది. ఎనామిల్ రంగు సంగతి అందులో లేదు.

ఎడమ మోకాలి మీద ఎర్రరంగుతో 'ఈ కాలు కాదు' అని రాశాడు. చదవవలసింది ఎదురుగా నిలబడే డాక్టరు కాబట్టి, తనకు తలకిందులుగా ఉండేలా రాశాడు. చేయి తిరిగినవాడు గనుక అందులో కష్టమేమీ లేదు. రాసినవాడు అంతటితో ఆగితే సరిపోయేది. కానీ చాలా రోజుల తర్వాత కుంచె చేతికొచ్చింది. అక్షరాల కుడిపక్కన నల్లటి నీడ వేశాడు, చుట్టూ సన్నటి గీతతో అంచు కట్టాడు, ఆరాక ఎరుపు మీద రెండో పూత వేశాడు. ఇదంతా అయ్యేసరికి పదిన్నరైంది.

"లోపల ఏం చేస్తున్నారండీ?" అంది భార్య తలుపవతల నుంచి.

"ఆరుతున్నాను" అన్నాడు.

ఒక్కో మెట్టు మీదా కూర్చుంటూ ముప్పైనాలుగు మెట్లు దిగి, ఆసుపత్రి చేరేసరికి మధ్యాహ్నమైంది. పెద్ద నర్సు ఫైలు చూసి, కుడికాలు చూసి, దుప్పటి ఇంకాస్త తొలగించి ఎడమకాలు చూసింది.

"ఏంటండీ ఇది?"

"బోర్డు."

"ఎవరు రాశారు?"

"నేనే. చదవడానికి ఇబ్బందేమైనా ఉందా?"

"చదవడం సంగతి తర్వాత. డాక్టరుగారు స్వయంగా వచ్చి, ఆపరేషన్ చేయాల్సిన కాలి మీద పెన్నుతో గుర్తు పెడతారు. గుర్తున్న కాలే చేస్తారు. రెండో కాలి మీద చిన్న చుక్క కూడా ఉండకూడదని మా రూలు. లోపలికెళ్ళాక ఒళ్ళంతా గుడ్డ కప్పేస్తారు. అప్పుడు ఎవరైనా ఎడమకాలి మీద రంగు చూసి..."

ఆమె అక్కడితో ఆపింది. మిగతాది పెయింటరు మనసులో పూర్తయింది. రాకూడదనుకున్న ఆపదను స్వయంగా, రెండు పూతలు వేసి మరీ పిలిచాడన్నమాట.

నర్సు దూదిని స్పిరిటులో ముంచి రుద్దింది. రంగు కదల్లేదు.

"పోదమ్మా అది. ఎండా వానా తగిలినా పదిహేనేళ్ళుంటుంది" అన్నాడు పెయింటరు. అంత భయంలోనూ ఆ గొంతులో కాస్త గర్వం ఉంది.

"మీరేం చేయకండి. డాక్టరుగారు థియేటర్లో ఉన్నారు, అడిగొస్తాను" అని ఆమె వెళ్ళింది. ఆమె అటు తిరగగానే పెయింటరు బావమరిదిని పిలిచి రంగు కరిగించే థిన్నరూ గరుకు కాగితమూ తెమ్మన్నాడు. అతను అరగంటలో తాగేనీళ్ళ సీసా నిండా థిన్నరు పట్టుకొచ్చాడు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల?" అంది భార్య. ఆ సామెతను అంత సరిగ్గా వాడే అవకాశం ఆమెకు మళ్ళీ రాదు.

బావమరిది గుడ్డ తడిపి రుద్దాడు. తర్వాత గరుకు కాగితం తీసుకున్నాడు. అక్షరాలు ఇంకా పోలేదు కానీ, వాటి చుట్టూ ఉన్న చర్మం లేచి వచ్చింది. పెయింటరు మంట తట్టుకోలేక కాలు విదిలించాడు. సీసా దొర్లింది. పక్క తడిసింది, కుడి మోకాలు తడిసింది, నేల మీద మడుగు కట్టింది. వార్డంతా రంగుల కొట్టు వాసన.

ఎదురు మంచం మీద ఒక రిటైరైన హెడ్మాస్టరు ఉన్నాడు. కొత్త మోకాలు పెట్టి మూడు రోజులైంది. వ్యాయామాలు చేయించే అమ్మాయి రోజూ వచ్చి నాలుగడుగులు వేయమని బతిమాలుతుంది. "ఈ రోజు నావల్ల కాదు, రేపు చూద్దాం" అని ఆయన రోజూ ఒకే జవాబు చెబుతాడు. ఆయన ముక్కు ఎగబీల్చి, "ఏదో లీకవుతున్నట్టుంది" అన్నాడు మెల్లగా. పక్కమంచానికి అది గ్యాసు లీకేజీగా చేరింది. వరండా దాటేసరికి ఆక్సిజను సిలిండరు పేలబోతోందని తేలింది. ఎవరో గంట నొక్కారు.

అప్పుడు వార్డు నడిచింది. మూడు రోజులవాళ్ళు, ఐదు రోజులవాళ్ళు, నిన్న ఆపరేషన్ అయినవాళ్ళు, అందరూ వాకర్లు తోసుకుంటూ బయటి తోట దాకా నడిచారు. ముందు వరసలో హెడ్మాస్టరు. వ్యాయామాల అమ్మాయి ఆయన వెనకాలే అడుగులు లెక్కపెడుతూ, "మోకాలు వంచండి సార్, చాలా బాగా వేస్తున్నారు" అంటూ వెళ్ళింది.

వార్డులో మిగిలింది పెయింటరు ఒక్కడే. కొత్త మోకాళ్ళన్నీ వెళ్ళిపోయాయి, పాతది మిగిలిపోయింది. బావమరిది కూడా వెళ్ళిపోయాడు. భార్య మాత్రం స్టూలు మీద అలాగే కూర్చుంది.

"నువ్వూ వెళ్ళు" అన్నాడు పెయింటరు.

"వెళ్తే మళ్ళీ రావద్దూ? నా మోకాళ్ళూ మీ ఈడువే" అందామె. ఆయన చెయ్యి పట్టుకుంది.

డాక్టరు వచ్చి కారణం తెలుసుకుని, రెండు మోకాళ్ళూ చూసి, తలపట్టుకున్నాడు. ఎడమదాని మీద పచ్చిపుండు, కుడిదాని మీద బొబ్బలు.

"రేపు ఆపరేషన్ లేదు. చర్మం మీద పుండుండగా లోపల కీలు పెడితే చీము పట్టొచ్చు. పడితే పెట్టిన కీలు మళ్ళీ తీసేయాల్సి వస్తుంది. మూడు నెలల తర్వాత తేదీ ఇస్తాను."

"అప్పటిదాకా పోయినసారి వేసిన ఇంజక్షనైనా వేయండి డాక్టరుగారూ."

"ఆపరేషన్ దగ్గర్లో ఉండగా అది కూడా వేయం. బరువు తగ్గండి. ఎడమచేత్తో కర్ర పట్టుకోండి. వ్యాయామాలు చేయండి, ఈసారి మూడు రోజులతో ఆపకుండా."

"మూడు నెలలకి బోర్డులుండవండీ" అన్నాడు పెయింటరు. డాక్టరుకు అది అర్థం కాలేదు. భార్యకు అర్థమై మొహం అటు తిప్పుకుంది.

ఇక వేరే దారి లేక పెయింటరు వ్యాయామాలు మొదలుపెట్టాడు. కుర్చీలో కూర్చుని, చీలమండకు రంగుడబ్బా వేలాడదీసుకుని, కాలు చాపి పది అంకెలు లెక్కపెట్టేవాడు. నెల తిరిగేసరికి కర్రతో గదంతా తిరుగుతున్నాడు.

"తగ్గిందాండీ?"

"నొప్పి అలాగే ఉంది. తొడలో బలమొచ్చింది కాబట్టి దాన్ని మోసుకు తిరుగుతున్నాను" అన్నాడు దిగులుగా.

ఈలోగా రొట్టెల దుకాణం బోర్డు దిగింది. తర్వాత దర్జీది, ఆ తర్వాత చెప్పుల కొట్టుది, ఆపైన మరో రెండు. బావమరిది వచ్చి వార్త చెప్పి, ఒక గ్లాసు మంచినీళ్ళు తాగి వెళ్ళేవాడు. రెండో నెల చివరకు వాచీల దుకాణం బోర్డు ఒక్కటే మిగిలింది. ఎడమ మోకాలి పుండు మానింది, రంగు కూడా పోయింది. కానీ చుట్టూ చర్మం నల్లగా మాడి, రంగు కాపాడిన చోట మాత్రం తెల్లగా మిగలడంతో, స్టెన్సిల్ పెట్టి తీసినట్టు మూడు మాటలూ అలాగే నిలిచిపోయాయి. ఇక ఇది పోదని చర్మ వైద్యుడు చెప్పాడు.

ఆపరేషన్ రోజు పెద్ద నర్సు దాని మీద తెల్లటి పట్టీ అంటించి, "ఈ బోర్డు మూసే ఉంచుదాం" అంది. ఆపరేషన్ చక్కగా జరిగింది. కథకు పనికొచ్చే పొరపాటు ఒక్కటి కూడా డాక్టరు చేయలేదు. హెడ్మాస్టరు ఉదంతం ఆ వార్డులో ఇంకా చెప్పుకుంటున్నారు కాబట్టి, పెయింటరు మర్నాడే లేచి నడిచాడు.

ఏడు వారాలకు ముప్పైనాలుగు మెట్లూ నిలబడి దిగాడు. భార్య పక్కన నడుస్తుండగా బజారు వీధిలోకి వచ్చాడు. రెండు వైపులా నిగనిగలాడే ఫ్లెక్సీలు, వాటి మీద నవ్వే మొహాలు. ఆయన దేన్నీ చూడలేదు. కర్ర మీద, కొత్త మోకాలి మీద, భార్య భుజం మీద వంతులవారీగా ఆనుతూ వీధి చివరికి చేరి తలెత్తాడు.

తన అక్షరాలే. తను వేసిన నీడే. కానీ మెరుస్తున్నాయి. గాలికి కాస్త అలలాడుతున్నాయి కూడా.

వాచీలాయన బయటికి వచ్చాడు. "పోయిన వారం రేకు తుప్పు పట్టి ఊడి పడిందండీ. మీ బావమరిది ముందే ఫోటో తీసి పెట్టాడు. మీరొచ్చేలోగా వెయ్యాలని నిద్రమానుకుని చేయించాడు."

బావమరిది దుకాణం మెట్టు మీద బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉన్నాడు. "నీ అక్షరాలే బావా. ఒక్క గీత మార్చలేదు. మెరుపెక్కువైందా?"

పెయింటరుకు ఏడుపొచ్చింది. ఆ ఫ్లెక్సీని చింపి పారేయాలనిపించింది. కానీ అతని కళ్ళు చూశాక ఆ మాట నోట రాలేదు. "లేదురా. నీడ కూడా బాగా వచ్చింది" అన్నాడు. వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాడో లేదో, ఎడమ మోకాలు కలుక్కుమంది. వాచీలాయన వేసిన కుర్చీలో కూలబడ్డాడు.

వారం తిరక్కుండా మళ్ళీ డాక్టరు ముందు కూర్చున్నారు. డాక్టరు ఎక్స్‌రే చూశాడు, పెయింటరు వంక చూశాడు. "నేను మొదట్లోనే చెప్పాను కదా. ఇప్పుడు ఎడమదాని వంతు." తర్వాత పరీక్ష చేద్దామని పంచె పైకి జరిపి, మోకాలి మీద తెల్లగా నిలిచిన అక్షరాలను చదివాడు. పక్కనే ఉన్న పెద్ద నర్సు కిటికీలోంచి బయటికి చూసింది.

నలభై ఏళ్ళలో పెయింటరు రాసిన బోర్డుల్లో వెలిసిపోకుండా మిగిలింది అదొక్కటే, అందులో ఉన్న సమాచారం మాత్రం ఇప్పుడు తప్పు.