కెమెరా ఎదుట వడ్డన

గుట్టుగా దానం చేసేవాళ్ళంత స్వార్థపరులు ఈ లోకంలో ఇంకెవరూ ఉండరు! పెట్టేదీ వాళ్ళే, పెట్టి మురిసిపోయేదీ వాళ్ళే. పక్కవాళ్ళకి మెచ్చుకునే అవకాశమైనా ఇవ్వరు. ఒక లైకు లేదు, షేరు లేదు, కింద చేతులు జోడించిన బొమ్మ లేదు. ఇదేం మర్యాద, మీరే చెప్పండి?

ఢిల్లీ జనక్‌పురిలో ఉండే కృష్ణకుమారిగారు కూడా ఏళ్ళ తరబడి ఈ తప్పే చేశారు. సొంతూరు రాజమండ్రి. భర్త వెంకటసుబ్బయ్యగారు ఎయిర్‌ఫోర్సులో పనిచేసి రిటైరయ్యారు. సివిల్స్‌కి చదువుకునే మన తెలుగు పిల్లలు బేర్ సరాయ్ ఇరుకు గదుల్లో ఉంటూ, మెస్సులో రాజ్మా తిని తిని నాలుక చచ్చిపోయి, ఆదివారం మధ్యాహ్నానికి ఆవిడ ఇంట్లో తేలేవారు. ఎవరూ పిలిచేవారు కాదు. ఒక బ్యాచ్ ఖాళీ చేసి పోతూ తర్వాతి బ్యాచ్‌కి అడ్రసు చెప్పేది, అంతే. వచ్చేవారు, తినేవారు, చారు మిగిలితే డబ్బాలో పోసుకుని పోయేవారు. ఎవరైనా థాంక్స్ చెబితే ఆవిడకి కోపం వచ్చేది.

ఎంత నష్టమో చూడండి! అన్నేళ్ళ అన్నానికి ఒక్క ఫోటో లేదు!

ఈ అన్యాయాన్ని వాళ్ళబ్బాయి వరుణ్ సరిదిద్దాడు. నోయిడాలో డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగం. అతనికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనో ఇంగ్లీషులోనో వస్తుంది. ఆన్‌లైన్‌లో కనిపించని మనిషి ఈ రోజుల్లో లేనట్టే లెక్క అని తల్లికి నచ్చజెప్పి, 'జనక్‌పురి అన్నపూర్ణ' పేరుతో ఒక పేజీ తెరిచాడు.

మొదట్లో ఆవిడకి సిగ్గేసింది. తర్వాత ఒకరోజు కూరగాయల బండివాడు రీల్‌లో కనబడేది మీరే కదా దీదీ అని కొత్తిమీర ఊరికే ఇచ్చాడు. ఢిల్లీలో కొత్తిమీర అందరికీ ఊరికే ఇస్తారనుకోండి. అయినా ఆ రోజు కట్ట కాస్త పెద్దదిగా కనిపించింది. ఆ సాయంత్రమే ఆవిడ రెండు కొత్త చీరలు కొనుక్కున్నారు.

కెమెరా వచ్చాక వడ్డనకి ఎంత క్రమశిక్షణ వచ్చిందని! గరిటె కంచం మీదికి వచ్చి ఒక్క క్షణం ఆగాలి. యాంగిల్ కుదరకపోతే వడ్డించిన పప్పు వెనక్కి తీసి మళ్ళీ వడ్డించాలి. ఈలోగా పిల్లలు చల్లారిన అన్నం మీద చేతులు పెట్టుకుని రింగ్ లైటు వెలుగులో దీనంగా కూర్చోవాలి. మారు అడగకూడదు. ఆకలిగొన్నవాడు ఒక్కసారే తినాలి, రెండోసారి తింటే తిండిపోతు అంటారు. ఇంత సూక్ష్మం పాతకాలపు దాతలకి తెలుసా?

ఇక అసలు సంగతి. ఆ ఆదివారం పనసపొట్టు కూర. ఆవ పెట్టింది. మండపేట కుర్రాడు సాయిప్రకాష్ ముద్ద నోట్లో పెట్టుకోగానే ఘాటు ముక్కుకెక్కింది. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. గోదావరి జిల్లాల్లో వంటమనిషికి అంతకన్నా పెద్ద బిరుదు లేదు. కృష్ణకుమారిగారు ఆవ సరిగ్గా కుదిరిందని పొంగిపోయారు.

వరుణ్‌కి ఆవఘాటు సంగతి ఏం తెలుసు? "మమ్మీ, యే షాట్ తో గోల్డ్ హై" అన్నాడు, ఆ షాట్ బంగారమట. వీడియో వేగం తగ్గించాడు, వెనకాల వయొలిన్ పెట్టాడు, ఎన్నాళ్ళ ఆకలో ఈ విద్యార్థిది అని హిందీలో రాశాడు. దేశం కదిలిపోయింది! లక్షల మంది చూశారు. ఒక బియ్యం కంపెనీ ఫోన్ చేసింది. కాలనీ సంఘం శాలువా కప్పింది.

కదలనిది సాయిప్రకాష్ ఒక్కడే. వచ్చి, ఆ రీల్ తీసేయమని నెమ్మదిగా అడిగాడు. వాళ్ళ నాన్న సత్తయ్య మండపేటలో టిఫిన్ హోటల్ నడుపుతాడు. ఊరందరికీ పెసరట్లు పెట్టేవాడి కొడుకు ఢిల్లీలో తిండికి ఏడుస్తున్నాడంటే ఆయన తల ఎత్తుకోలేడు. ఆవిడకి నిజంగానే గుండె తరుక్కుపోయింది. వరుణ్‌ని అడిగారు. ఇప్పుడు తీసేస్తే రీచ్ పడిపోతుందన్నాడు. రీచ్ అంటే ఏమిటో ఆవిడకి సరిగా తెలియదు గానీ, పడిపోకూడనిదని మాత్రం అర్థమైంది. కప్పిన శాలువా ఇంకా బీరువాలోకి కూడా చేరలేదు.

మరుసటి ఆదివారం సాయిప్రకాష్ రాలేదు. ఆపై వారం ఎవరూ రాలేదు.

కానీ పేజీ ఆగుతుందా? వెంకటసుబ్బయ్యగారు టోపీ పెట్టుకుని, బ్యాగు తగిలించుకుని, కెమెరాకి వీపు చూపిస్తూ భోజనానికి కూర్చున్నారు. ఈ పిల్లవాడు తప్పకుండా కలెక్టర్ కావాలని మూడు రాష్ట్రాల నుంచి ఆశీస్సులు వచ్చాయి. ఆ వయసులో ఆ మాటలు ఎవరికి చేదు?

అంతలో సత్తయ్య ఫోన్ చేశాడు. తిట్టడానికి కాదు, దణ్ణం పెట్టడానికి. కొడుకు ఇన్నాళ్ళూ కడుపు నిండా తింటున్నానని అబద్ధం చెప్పాడట. ఆ వీడియో చూసిన రోజు నుంచి తల్లి అన్నం ముట్టడం లేదట. చదువూ వద్దు, ఏమీ వద్దు, వచ్చేయమన్నారట.

సివిల్స్ మెయిన్స్ పరీక్షలు నెలన్నరలో ఉన్నాయి. ఆ కుర్రాడికి అదే ఆఖరి అవకాశం. అది ఆకలి కాదని, ఆవఘాటని, పనసపొట్టు కూరని కృష్ణకుమారిగారు ఒట్టు పెట్టి మరీ చెప్పారు.

"ఆవఘాటు నాకు తెలీదా అమ్మగారూ?" అన్నాడు సత్తయ్య. "ఘాటెక్కినోడు నెత్తి కొట్టుకుంటాడండి. మావాడు నిదానంగా ఏడ్చాడు. మా పరువు కాపాడ్డానికి మీరలా అంటున్నారు. ఎంత మంచి మనసండీ మీది!"

చూశారా పేరుప్రతిష్ఠల మహిమ! నిజం చెప్పినా అదీ దాతృత్వం ఖాతాలోనే పడింది. ఆవిడ వరుణ్ చేత ఆ రీల్ తీసేయించారు. కానీ అప్పటికి అది ఎవరెవరి ఫోన్లలో ఉందో ఎవరికి తెలుసు?

ఆవిడ వండిందంతా క్యారియర్‌లో సర్దుకుని, ఫోన్ ఇంట్లో వదిలేసి బేర్ సరాయ్ వెళ్ళారు. పుస్తకాల షాపు ముందు సాయిప్రకాష్ సూట్‌కేసు ఆటోలో పెడుతున్నాడు.

"మీ నాన్నగారికి చెప్పాను నాన్నా, నమ్మలేదు" అన్నారు ఆవిడ.

"తెలుసాంటీ. నేనెళ్ళి ఎదురుగా కూర్చుంటే గానీ అమ్మ తిననంటోంది. మళ్ళీ పంపిస్తారో లేదో."

"రైల్లో తిందువు గాని, ఇది తీసుకో."

అతను చెయ్యి చాపాడు. కోపం ఎన్నాళ్ళుంటుంది, ఎన్ని ఆదివారాలు తిన్న చెయ్యి! సరిగ్గా అప్పుడే జ్యూస్ షాపువాడు ఆవిడని గుర్తుపట్టాడు. "అరే, రీల్ వాలీ ఆంటీ!" అని కేకేశాడు. సందులో ఫోన్లన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. వద్దు భయ్యా, బంద్ కరో అని ఆవిడ బతిమాలారు. ఆవిడ వినయానికి ఎవరో చప్పట్లు కొట్టారు.

సాయిప్రకాష్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ముఖం ఆటోలోకి తిప్పుకుని, "ఆకలి లేదాంటీ" అన్నాడు.

ఆవిడ ఎదుట ఆ మాట అన్న తెలుగు పిల్లవాడు ఇన్నేళ్ళలో ఇతనొక్కడే. ఆటో వెళ్ళిపోయింది. క్యారియర్ ఆవిడ చేతిలోనే ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు మాత్రం ఇక ఎవరికి ఇస్తుందా అని ఫోన్లు దించకుండా ఎదురుచూస్తున్నారు.