ముగ్గురే వాయించారా?

గోదావరి జిల్లాల్లో పుట్టి 'ఒక్కటి చాలండి' అనడం మహాపాపం! ఈ సంగతి నిడదవోలు ఇంగ్లీషు టీచరు వీరవేణి గారికి రిటైరయ్యే రోజు దాకా తెలియలేదంటే తప్పెవరిది? మీరే చెప్పండి.

ఆవిడ అడిగింది నాలుగే నిమిషాలు. వీడ్కోలు సభలో ఉపన్యాసాలు వద్దు, ఒక పాత అమెరికన్ జాజ్ గాయని పాట వినిపించండి చాలన్నారు. ఆ పాటకి రెండు రికార్డింగులున్నాయి. ఒకదానిలో అరవై మంది వాయిస్తారు. రెండోదానిలో పియానో, నిలబెట్టి వాయించే బేస్, డ్రమ్ములు, అంతే. వీరవేణి గారు ఎంచుకున్నది రెండోది. అందులో ఆ గాయని చివరి చరణానికి ముందు ఆగి ఊపిరి తీసుకుంటుంది. ముప్ఫైనాలుగేళ్లు గొంతు చించుకుని పాఠాలు చెప్పిన ఆవిడకి, అంత మెల్లగా పాడినా జనం వింటారని ఒక్కసారి కళ్లారా చూడాలని ఆశ.

ఆశకైనా హద్దుండొద్దూ!

"ముగ్గురేనాండీ?" హెడ్మాస్టరు జానకిరామ్ గారు విలవిల్లాడిపోయారు. "మేడమ్ గారిని ముగ్గురితో సాగనంపేశారని నలుగురూ నవ్వరూ?"

పెళ్లిలో కూరలు లెక్కపెట్టినట్టు వాయిద్యాలు లెక్కపెట్టే జాతి మనది. తక్కువైతే తలవంపులు కాదూ? అందుకని అరవై మంది రికార్డింగే తెచ్చారు. అదీ చప్పగా ఉందని డీజేతో దరువు కలిపించారు. లారీడు సౌండు బాక్సులు దింపారు. పదకొండు మంది మాట్లాడారు. పన్నెండో ఆయన కోరుకొండ నుంచి వస్తుంటే గంటసేపు ఎదురుచూశారు. తీరా పాట మొదలవగానే, "చల్లారిపోతాయండీ, రండి రండి!" అంటూ జనాన్నంతా భోజనాలకి లేపేశారు.

"ఎలా ఉందండీ మేడమ్?"

"చాలా బాగుందండి" అన్నారు వీరవేణి గారు. మరేమంటారు? ఆవిడదీ ఈ గడ్డే. అడిగిన ఒక్కటీ తప్ప అన్నీ పెట్టారాయె!

అక్కడి నుంచి తిన్నగా స్టాఫ్‌రూమ్‌కి వెళ్లి, ఫోన్లో తన రికార్డింగు పెట్టుకున్నారు. ఊడవడానికి వచ్చిన ఆయా నాగదుర్గ చీపురు పట్టుకునే నిలబడిపోయింది. ఆమెకి ఇంగ్లీషు ముక్క రాదు. గాయని ఆగింది. ఊపిరి తీసుకుంది.

"ఏడుపు ఆపుకుంటందాండీ ఆవిడ?" అని గుసగుసగా అడిగింది నాగదుర్గ.

వీరవేణి గారు కళ్లు తుడుచుకున్నారు.

అప్పుడే బ్లూటూత్ స్పీకరు చంకనేసుకుని జానకిరామ్ గారు దిగారు. "అయ్యయ్యో, ఫోన్లో వింటారేంటండీ మేడమ్! పెద్ద సౌండ్ పెట్టిస్తా కదండీ!"

"ష్... కాస్త ఆగండి సార్!" అంది నాగదుర్గ.

హెడ్మాస్టరు వీరవేణి గారి వైపు తిరిగారు.

"ఏం మనిషండీ! బొత్తిగా మర్యాద తెలీదు" అంటూ స్పీకరు ఆన్ చేశారు.