దారంతో కొలిచిన దూరం

ఆ ఆదివారం పొద్దున్నే మామ్మగారు పెట్టుకున్న పని ముందు హాలుకు రంగులు వేయించడం. తెరలు దింపారు, కుర్చీలు పెరట్లో పడేయించారు. గోడవారనున్న బీరువా ఒక్కటి మిగిలితే, దాన్ని జరపడానికి అల్లుణ్ణి పిలిపించారు. అల్లుడు ఎన్నికల ఆఫీసులో మ్యాపుల సెక్షన్లో పనిచేస్తాడు. ఆ పూట బీరువాకు భుజం ఆనించినవాడు ఊరుకోక ఓ కబురు చెప్పాడు.

"అత్తయ్యగారూ, ఈసారి మీ వీధి పోలింగు బూతు తీసేశాం. ఎదురుగా స్కూలు మూతపడింది కదండీ, ఓటర్లూ తక్కువే. రైలు పట్టాల అవతల మా లైబ్రరీ బూతులో కలిపేశాం. దగ్గరేలెండి."

మామ్మగారు చేతిలో గుడ్డ కింద పడేశారు. వీధిలో ఆవిడకు ఒకటో నంబరు మామ్మగారని పేరు. ఎదురు స్కూల్లో ఎప్పుడు ఎన్నిక జరిగినా, తలుపు తీయకముందే గేటు ముందు నిలబడి మొదటి ఓటు వేసేది ఆవిడే. ఓసారి ఒళ్లు కాలిపోతున్న జ్వరంతో దుప్పటి కప్పుకుని వెళ్లారు గానీ, వెనక నిలబడ్డ మంగలికి ఆ చోటు వదల్లేదు.

"దగ్గరని ఎవరు చెప్పారు?"

తనే కొలిచానని అల్లుడు కాస్త గర్వంగానే చెప్పాడు. వాళ్ల ఆఫీసులో పద్ధతి అది. గోడ మీది మ్యాపులో బూతు దగ్గర ఒక గుండుసూది గుచ్చి, దానికి ఎర్ర దారం కట్టి చుట్టూ తిప్పుతారు. దారం అందినంత మేరా దగ్గర కింద లెక్క. ఆ దారం రైలు పట్టాల మీదుగా, ఎత్తైన ప్రహరీగోడ మీదుగా హాయిగా దాటి వచ్చి మామ్మగారి ఇంటిని తాకింది. మనుషులు మాత్రం మార్కెట్టు చుట్టూ తిరిగి, వంతెనెక్కి, దిగి వెళ్లాలి.

మామ్మగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. మనుషులకు కాళ్లుంటాయనే సంగతి మ్యాపుల సెక్షన్లో ఎవరికీ తెలియదా? అల్లుడి ఫోను లాక్కుని పెద్దాఫీసరుకు చేశారు. వీధి వీధంతా మండిపోతోందని అన్నారు. ఆవిడ ఉద్దేశంలో వీధి అంటే ఆవిడే. ఆఫీసరు మాత్రం జనం రోడ్డెక్కారనుకుని, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే కారెక్కి వచ్చేశాడు.

వచ్చి చూస్తే వీధి ప్రశాంతంగా ఉంది. మామ్మగారు ఆయన్ని హాల్లోకి తీసుకొచ్చి కడిగేశారు. స్కూలు లేకపోతే బూతు పెట్టడానికి ఈ వీధిలో చోటే లేదా, తన హాలు స్కూలు గది కంటే పెద్దది కాదా అని నిలదీశారు. ఆఫీసరు ఖాళీ హాలును నాలుగు మూలలా చూసి తలాడించాడు. కానీ దూరం మాత్రం తక్కువేనన్నాడు.

"అయితే పదండి బాబూ, నడిచి చూద్దాం," అన్నారు మామ్మగారు. కారెక్కనివ్వలేదు.

ముందు మామ్మగారు, వెనక ఆఫీసరు, ఆ వెనక తల దించుకుని అల్లుడు. ఇదేదో విశేషమని మంగలి కత్తి మూసి వెంటపడ్డాడు. సగం గడ్డంతో ఉన్నవాడు మంగలిని వదల్లేక బయల్దేరాడు. దర్జీ మెడలో టేపుతోనే వచ్చాడు. మార్కెట్టు దాటేసరికి అది ఊరేగింపయింది. ఎందుకు నడుస్తున్నారో ముందు వరసకు తప్ప ఎవరికీ తెలియదు. అయినా అందరికీ కోపంగానే ఉంది.

వంతెన దిగుతున్న గుంపును చూసి అవతలి వాళ్లు తమ బూతు ఎత్తుకుపోవడానికి వస్తున్నారనుకున్నారు. లైబ్రరీ గేటుకు తాళం పడింది. దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నది అల్లుడి తల్లి, అంటే సాక్షాత్తూ వియ్యపురాలు. పక్కన నిలబడ్డది మామ్మగారి కన్నకూతురు.

"ఇక్కడ మొదటి ఓటు మా అత్తగారిదమ్మా," అంది కూతురు నెమ్మదిగా. "నువ్వొచ్చినా రెండోదే."

మామ్మగారి నలభై ఏళ్ల మర్యాద దారం ముక్కతో పోయేట్టుంది, అదీ వియ్యపురాలి చేతిలో. ఆవిడ ఆఫీసరు వైపు తిరిగారు. ఆయన చెప్పు అప్పటికే వంతెన మీద తెగింది. ఒంటి చెప్పుతో మెట్టు మీద కూలబడి, ఆయాసం తీర్చుకుని, బూతు మామ్మగారి వీధిలోనే ఉంటుందని మాటిచ్చాడు. మంగలి ఈల వేశాడు.

మాట నిలబెట్టుకున్నాడు కూడా. పోలింగుకు వారం ముందు ఆర్డరు వచ్చింది. బూతు మామ్మగారి హాల్లోనే. వీధి వాళ్లు వచ్చి అభినందించి వెళ్లారు. మంచం దిగితే ఓటేనని ఆవిడ మురిసిపోయారు. ఆర్డరు కింద ఇంకో నాలుగు లైన్లు ఉన్నాయి. బూతు పెట్టిన ఇంటివాళ్లు ముందురోజు సాయంత్రానికి ఇల్లు ఖాళీ చేయాలి. ఆ రాత్రి సిబ్బంది అక్కడే పడుకుంటారు.

మామ్మగారు సంచీ సర్దుకుని పట్టాల అవతల కూతురింటికి వెళ్లారు. వియ్యపురాలు ఆదరంగానే చూసింది. పోలింగు రోజు తెల్లవారుతూనే మామ్మగారు లేచి, తోడుకు అల్లుణ్ణి లేపి, వంతెన వైపు పరుగు తీశారు. లైబ్రరీ పక్కనుంచి వెళ్తుంటే గేటు ముందు కుర్చీలో కూర్చున్న వియ్యపురాలు చెయ్యి ఊపింది.

వంతెనెక్కి, దిగి, మార్కెట్టు చుట్టూ తిరిగి వచ్చేసరికి సొంత ఇంటి గుమ్మం ముందు వీధంతా వరసలో ఉంది. మంగలి అప్పుడే సిరా వేలు ఆరబెట్టుకుంటూ బయటికొస్తున్నాడు. మామ్మగారు అలవాటుగా నేరుగా మెట్లెక్కబోతే పోలీసాయన కర్ర అడ్డం పెట్టాడు.

"వెనకాల నిలబడండమ్మా. దూరం నుంచి వచ్చేవాళ్లు కాస్త ముందుగా బయల్దేరాలి."

ఇది నా ఇల్లు అని ఆవిడ కస్సుమన్నారు. ఇవాళ కాదన్నాడాయన. ఉక్రోషంతో వెళ్లి వరస చివర నిలబడ్డారు. వెనకే అల్లుడు రొప్పుతూ వచ్చి చేరాడు.

అతని దారం లెక్కన మాత్రం వాళ్లు ఎప్పుడో వచ్చేశారు.